గుడ్డు తేలిన నీళ్లు

చేపల శాఖలో ముప్పై ఏళ్లు పనిచేశాను. రిటైరయ్యే నాటికి సముద్రం చూడలేదు. ఈ మాట వింటే కొత్తగా ఉద్యోగంలో చేరిన మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి. మా వైపు సముద్రం ఎక్కడుంది? కృష్ణ ఉంది, తుంగభద్ర ఉంది, జూరాల ఉంది, వానలు పడితే నిండి పడకపోతే నెర్రెలు బారే చెరువులున్నాయి. నాగర్‌కర్నూల్లో నాలుగేళ్లు, వనపర్తిలో ఆరేళ్లు, మిగిలిన కాలమంతా గద్వాలలో. బొచ్చె పిల్లల్నీ రవ్వ పిల్లల్నీ చెరువుల్లో వదిలించడం, అవి బతికాయో లేదో చూసి రాయడం నా పని. ఎన్ని చేపల్ని బతికించానంటే చెప్పలేను గానీ, ఒక చేపను చంపబోయిన సంగతి మాత్రం చెప్పగలను. అది ఏ రిజిస్టర్లోనూ లేదు.

రెండు వేల అయిదో, ఆరో. గద్వాల నుంచి ఇటిక్యాల పోయే దారిలో ఒక పల్లె. అక్కడ ఒక మేస్త్రి ఇంట్లో సముద్రపు చేప ఉందని మా ఆఫీసు అటెండరు చెబితే నేను నమ్మలేదు. "ఎండు చేపేమో చూడవయ్యా" అన్నాను. అతను నన్ను ఊరుకోనివ్వలేదు, ఒకరోజు వెంటబెట్టుకుని తీసుకుపోయాడు.

రెండు గదుల ఇల్లు. ముందు గదిలో గోడంత పొడవున ఇటుకతో కట్టిన తొట్టి, దానికి ముందువైపు మందపాటి అద్దం. అద్దం వెనక వెండి రంగులో గుండ్రటి చేప. పక్క నుంచి చూస్తే మన ఇళ్లలో చెరిగే చాటంత ఉంది, ఎదురుగా తిరిగితే సన్నగా గీతలా అయిపోతుంది. పైనా కిందా రెక్కలు ఎత్తుగా సాగి ఉన్నాయి. మనిషి అలికిడి కాగానే పారిపోయే చేపల్నే చూసినవాణ్ణి నేను. ఇది అద్దం దగ్గరికి వచ్చి నన్ను ఎగాదిగా చూసింది.

"బ్యాట్‌ఫిష్ అంటరు సార్ దీన్ని. మా ఇంట్లామె చాట చేప అంటది" అన్నాడు మేస్త్రి.

కూలి పని చేసుకునే కుటుంబం వాళ్లది. చిన్నప్పుడే గుంపుతో బొంబాయి పోయి రాళ్లు మోశాడు, తర్వాత తాపీ పట్టాడు. ఒక సేటు ఇంట్లో బండలు పరచడానికి పోయి, అక్కడి చేపల తొట్టి ముందు పని మరిచి నిలబడ్డాడట. సేటు తిట్టకుండా తొట్టి కడిగే పనిలో పెట్టుకున్నాడు. ఆరేళ్లు చేశాడు. ఈ చేప కొన్నప్పుడు బొటనవేలంత, ఎండుటాకులా ఉండేదట. పెరుగుతుందని దుకాణం వాడు చెప్పలేదు. అది పెరిగి పెరిగి సేటు తొట్టి పట్టనంతయింది. ఆ సేటు ఇల్లు మారుస్తూ, "నువ్వే పెంచినవ్, నువ్వే తీసుకపో" అన్నాడు. మేస్త్రి ఊరికి వచ్చి తొట్టి కట్టి, సిమెంటు ఘాటు పోవడానికి నెలన్నర నీళ్లు మార్చి మార్చి నానబెట్టి, మళ్లీ బొంబాయి పోయి చేపను ప్లాస్టిక్ డ్రమ్ములో పెట్టి, బ్యాటరీతో గాలి పట్టిస్తూ రైల్లో రాయచూరు దాకా తెచ్చాడు. అక్కడి నుంచి జీపు. డ్రమ్ములో ఏముందని అడిగిన ప్రతివాడికీ మూత తీసి చూపించాడట. చూసినవాళ్లే కాళ్లు ముడుచుకుని చోటిచ్చారట.

"ఇది నిలబడితె నేను ఈడ్నే ఉంట సార్" అన్నాడు ఆ రోజు. "హోటళ్లల్ల, పెద్ద పెద్ద ఇండ్లల్ల గిసుంటివి కట్టిస్త. నీళ్లు సుత నేనే సూస్కుంట. నిలబడకుంటె మళ్ల బొంబైకే. ఈసారి ఈమెను సుత తోల్కపోవాలె."

ఆ మాటకు అతని భార్య తొట్టి వైపు తిరిగింది. నానబెట్టిన ఎండు రొయ్య ఒకటి నీళ్లలో పట్టుకుని నిలబడి ఉంది, చేప వచ్చి ఆమె వేళ్ల మధ్య నుంచి తీసుకుంది. ఆమె నాలుగేళ్లు బొంబాయిలో ఇటుకలు మోసి వచ్చిన మనిషి. ఇప్పుడు ఒక బర్రెను పెట్టుకుని ఊళ్లోని పాలకేంద్రానికి పాలు పోస్తోంది. మళ్లీ ఆ ఇటుకల దగ్గరికి పోవడం ఆమెకు ఇష్టం లేదని మొహం చూస్తేనే తెలిసింది.

ఆ తర్వాత రెండు నెలలకు కబురు తెలిసింది. వనపర్తిలో కొత్తగా హోటలు కడుతున్న ఒక ఆసామి చేపను చూడ్డానికి ఆదివారం వస్తున్నాడు. నచ్చితే తన హోటల్లో పన్నెండడుగుల తొట్టి కట్టిస్తాడు. మేస్త్రికి అదే మొదటి పని అవుతుంది. సామాను కొనుక్కు రావడానికి అతను బొంబాయి పోయాడు, ఆదివారం పొద్దున్నే దిగుతాడు.

శనివారం పది గంటలకు అతని భార్య ఆఫీసు గుమ్మంలో నిలబడింది. చెప్పులు లేవు, కొంగు సగం తడిసి ఉంది.

"సార్, జర జల్ది రాండ్రి. తొట్టి కారిపొయ్యింది."

మా అధికారి మీటింగుకని నాగర్‌కర్నూల్ పోయాడు. ఆయనుంటే "ఉప్పునీళ్ల చేప మన పరిధిలోకి రాదు" అని ఫైలు మూసినట్టు మూసేవాడు. నేను మాత్రం, నిజం చెప్పాలంటే, చంకలు గుద్దుకుంటూ ఆటో ఎక్కాను. ముప్పై ఊళ్ల చెరువులు తిరిగినా ఎవరూ నన్ను డాక్టరును పిలిచినట్టు పిలవలేదు మరి.

అద్దం ఒక మూల గమ్ము ఊడి, నీళ్లు మూడోవంతు మేర దిగి, ఊడిన చోటికి రాగానే ఆగిపోయాయి. ఆమె అప్పటికే మొగుడు దాచిన గమ్ము తీసి మూల పూసేసింది. ఆ పని నాకన్నా బాగా చేసింది. చిక్కేమిటంటే, తొట్టి నిండా ఉంటేనే నీళ్లు పైనుంచి పొర్లి వడపోతకు పోతాయి. నిండకపోతే వడపోత లేదు, సాయంత్రానికి నీళ్లు చెడిపోతాయి. ఉప్పు బస్తా ఉంది, బోరు నీళ్లు డ్రమ్ముల్లో ఉన్నాయి. ఉప్పు ఎంత పాలో చూసే గాజు గొట్టం మాత్రం ఆ హడావిడిలో కిందపడి పగిలింది.

"ఎంత ఎయ్యాల్నో నాకు తెల్వదు సార్. ఆయననే సూస్తుండె" అంది.

నాకూ తెలియదు. ఆ మాట అక్కడే అని ఉంటే ఈ కథ లేదు. కానీ చేపల సారు తెలియదని ఎట్లా అంటాడు? బుర్ర గోక్కుంటుంటే ఖిల్లా ఘణపూర్ గుర్తొచ్చింది. అక్కడ వ్యవసాయ శాఖ మిత్రుడొకడు రైతులకు వరి విత్తనం ఏరడం నేర్పుతూ ఉప్పునీళ్లు కలిపేవాడు. నీళ్లలో కోడిగుడ్డు తేలేదాకా ఉప్పు వేయాలి, తర్వాత విత్తనాలు పోస్తే తాలు గింజలు పైకి తేలతాయి. ఎంత తేలికైన పద్ధతి! ఉప్పునీళ్లంటే ఉప్పునీళ్లే కదా అనుకున్నాను.

"ఒక గుడ్డు తే" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసి గుడ్డు తెచ్చింది. డ్రమ్ములో ఉప్పు వేసి కలుపుతున్నాం. గుడ్డు అడుగునే కూర్చుంది. మళ్లీ వేశాం. కదల్లేదు. మూడోసారి బుట్టెడు పోయబోతుంటే ఆమె నా చెయ్యికి అడ్డం వచ్చింది.

"సార్, మా ఆయన గింత ఎయ్యడు. డ్రమ్ముకు ఒక్క బుట్ట గూడ నిండుగ ఎయ్యడు."

"పాత నీళ్లున్నప్పుడు అట్లా. ఇవి కొత్త నీళ్లు" అన్నాను. దీనికి అర్థమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

గుడ్డు తేలింది. నేను చప్పట్లు కొట్టడం ఒక్కటే తక్కువ. ఆమె వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని మొహం చిట్లించింది.

"సముద్రం గిట్ల ఉండదు సార్. బొంబైల ఒకసారి అల గొట్టి నోట్లెకు పొయ్యింది నాకు. ఉప్పగుంటది గని గింత చేదుండదు. గిది సంపుతది."

"నాకు తెలుసమ్మా" అన్నాను. "నేను చేపల శాఖలో ఉన్నా."

మీరు నా నుంచి నేర్చుకోవలసింది ఏమైనా ఉంటే ఈ రెండు వాక్యాలు ఎప్పుడూ కలిపి అనకూడదని నేర్చుకోండి. సముద్రం చూడనివాణ్ణి, సముద్రం మింగి వచ్చిన మనిషికి చెప్పాను. ఆమె బిందె అందుకుంది. సర్కారు మనిషి అంత గట్టిగా చెబితే ఎదురు మాట్లాడే అలవాటు ఆమెకు లేదు, నా ధైర్యం కూడా అదే. బిందెలతో పోసి, మధ్యాహ్నానికి తొట్టి నింపేశాం. పక్క ఊరి చెరువు ఒకటి చూసుకుని, మెప్పు వినడానికి రెండున్నరకు మళ్లీ వచ్చాను.

చేప తొట్టి మూలన ఒక పక్కకు ఒరిగి ఉంది. మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి. ఆమె రొయ్య పట్టుకుని పిలుస్తోంది, అది కన్ను కూడా తిప్పడం లేదు.

ఊళ్లో ఉన్న ఒక్క టెలిఫోను బూతుకు పరిగెత్తాను. కోస్తాలో రొయ్యపిల్లల హేచరీలో పనిచేసే నా బ్యాచ్‌మేటు ఒకడున్నాడు. దేవుడి దయ, దొరికాడు. జరిగింది చెప్పాను.

"గుడ్డు తేలేదాకా వేశావా? ఆవకాయ పెడుతున్నావేంట్రా? సముద్రంలో గుడ్డేస్తే మునిగిపోద్ది. రెండింతల పైనే ఉప్పు దట్టించావు. అసలు నువ్వెప్పుడైనా సముద్రం మొహం చూశావా?"

"ఇప్పుడేం చేయాలో చెప్పు."

"మంచినీళ్లు కలుపు, కొద్దికొద్దిగా. సాంద్రత ఒకటి పాయింటు సున్నా రెండు మూడు, రెండు అయిదు, ఆ మధ్యలో ఆపాలి. మరీ ఎక్కువ పోసినా చస్తది. కొలిచే గొట్టం లేదా? అయితే నేనేం చెప్పను."

గాజు గొట్టం హైదరాబాదులో దొరుకుతుంది, రేపటికి గానీ రాదు. ఈలోపు ఆమె బతుకు బొంబాయి రైలెక్కుతుంది. ఇంటికి వచ్చి తలుపు దగ్గరే చెప్పేశాను.

"అమ్మా, తప్పు నాదే. నువ్వు చెప్పినా వినలేదు. ఇప్పుడు నీళ్లు పల్చబరచాలి గానీ, ఎక్కడ ఆపాలో కొలిచేది లేదు. ఇరవై మూడూ ఇరవై అయిదూ మధ్య ఆపమంటున్నాడు."

నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె మాత్రం ఆ అంకె పట్టుకుంది.

"ఇరవై మూడు, ఇరవై అయిదంటె... మా పాలకాడ గాజు పుల్ల ఏస్తరు గద సార్. దాని మీద గివే ఉంటయి. ముప్పై ఉంటె మంచి పాలంటరు. ఇరవై అయిదొస్తె నీళ్లు కలిపినవ్ అని కొట్లాడ్తరు."

లాక్టోమీటరు! అదీ సాంద్రత కొలిచేదే, అదే లెక్క, ఒకటి పాయింటు సున్నా తర్వాతి అంకెలే దాని మీద ఉంటాయి. చదువుకున్న నాకు తట్టలేదు. ఏడాదిగా రోజుకు రెండుసార్లు ఆ పుల్ల వైపు గుండె దడతో చూసే మనిషికి తట్టింది.

పాలకేంద్రం అప్పటికి తెరవలేదు. ఆమె నేరుగా దాన్ని నడిపే పెద్దాయన ఇంటికి పోయింది, వెనకే నేను. ఆయన భోంచేసి పడుకున్నాడు. లేచి, అంతా విని, ముందు నా మొహం చూసి, "చేపల కాడ పాల పుల్లతోని ఏం పని సార్?" అన్నాడు.

"కాకా, నీ కాళ్లు మొక్కుత. పాలు పోసే యాళ్లకు తెచ్చిస్త" అంది ఆమె.

"పగిలితె?"

"పగిలితె నా బర్రెను కట్టేస్కో."

ఆయన నవ్వి ఇచ్చేశాడు. ఇచ్చి ఊరుకోలేదు, లుంగీ ఎగ్గట్టుకుని మా వెంటే వచ్చాడు.

తొట్టి నీళ్లు చెంబులో పట్టి పుల్ల వేస్తే అది మునగనే లేదు. అంకెలన్నీ దాటి పైకి పొడుచుకుని నిలబడింది. పెద్దాయన "అబ్బ, ఇంత చిక్కటి పాలు నా సర్వీసుల సూడలే" అన్నాడు. నవ్వొచ్చే సమయం కాదు గానీ ఆమె నవ్వింది. ఆ నవ్వుతో నాకు కొంచెం ఊపిరి వచ్చింది.

తొట్టి నీళ్లు రెండు బిందెలు తీసి పారబోయడం, బోరు నీళ్లు రెండు బిందెలు పోయడం, కాసేపు ఆగి పుల్ల వేసి చూడడం. తీసేది నేను, పోసేది ఆమె, చదివేది పెద్దాయన. నలభై. ముప్పై ఎనిమిది. ఆయన ప్రతి అంకెనూ పాలకేంద్రంలో అరిచినట్టే గట్టిగా అరిచాడు. ముప్పై నాలుగు దగ్గర ఒరిగిన చేప కొంచెం నిలబడింది. ముప్పై దగ్గర, "గిప్పుడు మంచి పాలు, ఇగ ఆపుదమా?" అన్నాడు.

"నీళ్లు కలపాలె కాకా. ఇయ్యాల ఎంత కలిపినా నువ్వు ఏమనొద్దు" అంది ఆమె.

ఎండ ఇంకా గోడ మీద ఉండగానే ఇరవై నాలుగు వచ్చింది. ఆపేశాం. ఆమె వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ఈసారి నేను ఆమె మొహం వైపే చూస్తున్నాను, పరీక్ష ఫలితం కోసం చూసినట్టు.

"గిది సముద్రం" అంది.

చేప మూల వదిలి తొట్టి మధ్యకు వచ్చింది. రొయ్య పెడితే తినలేదు. కానీ నిటారుగా ఉంది. రాత్రి ఇంట్లో నాకూ తిండి దిగలేదు.

ఆదివారం పొద్దున్నే మళ్లీ పోయాను. మేస్త్రి అప్పుడే దిగినట్టున్నాడు, సామాను ఇంకా విప్పలేదు. భార్య నా పేరు ఎత్తకుండా అద్దం ఊడిందని మాత్రం చెప్పిందట. నేనే అంతా చెప్పాను, గుడ్డుతో సహా. అతను చేపనే చూస్తూ విన్నాడు. ఏమంటాడోనని నిలబడ్డాను.

"బొంబైల మొదటి వారమే మూడు చేపలను సంపిన సార్ నేను" అన్నాడు. "సేటు తిట్టలే. రేపు సుత రా అన్నడు. గంతే."

ఏడుపు వచ్చింది. దాచుకోలేదు. ఆ ఇంట్లో దాచుకోవడానికి ఇంకేం మిగిలింది?

పదకొండుకు వనపర్తి ఆసామి జీపు దిగాడు. తొట్టి ముందు నిలబడి, "ఇంత చేప ఇంట్ల బతుకుతదా?" అన్నాడు. మేస్త్రి జవాబు చెప్పబోతుంటే భార్య రొయ్య తీసుకుని చెయ్యి నీళ్లలో పెట్టింది. చేప వెంటనే రాలేదు. ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది, వచ్చి వేళ్ల మధ్య నుంచి రొయ్యను లాక్కుంది. ఆసామి చిన్నపిల్లాడిలా, "ఇంకొకటి పెట్టమ్మా, నేను సూస్త" అన్నాడు. ఆ మాటతోనే పని ఖాయమైందని మాకందరికీ తెలిసింది.

సోమవారం అధికారి శనివారం ఎక్కడికి పోయావని అడిగాడు. టూరు డైరీలో "చెరువు పరిశీలన" అని రాశాను. అది పూర్తిగా అబద్ధం కాదు, పక్క ఊరి చెరువు కూడా చూశాను కదా.

హోటల్లో పన్నెండడుగుల తొట్టి తయారయ్యాక, మేస్త్రి ఆ చేపను అందులోకే ఇచ్చేశాడు. "దీనికి మా ఇల్లు సాల్దు సార్, తిరగనీకె జాగ లేదు" అన్నాడు. ఆ రోజు ఆమె హోటల్లో అద్దానికి చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది. చేప ఆ చివరి నుంచి ఈ చివరికి మొదటిసారి నిజంగా ఈదడం మేమందరం చూశాం. తర్వాత గద్వాలలో దుకాణం పెట్టారు. నాగర్‌కర్నూల్ దాకా తొట్లు కట్టారు. కట్టేది అతను, నీళ్లు చూసేది ఆమె. బొంబాయి రైలు మళ్లీ సరుకు కోసమే ఎక్కారు. నేనెప్పుడు పోయినా చాయ్‌తో పాటు ఉడకబెట్టిన గుడ్డు ఒకటి నా ముందు పెట్టేది. "మా ఇంట్ల గుడ్డు తినేతందుకే సార్" అనేది.

నా రిటైర్మెంటు రోజు శాలువాలూ దండలూ అయిపోయాక, వాళ్లిద్దరూ వచ్చి ఒక సన్నటి డబ్బా ఇచ్చారు. లోపల దూదిలో చుట్టిన లాక్టోమీటరు. ఇరవై నాలుగు దగ్గర ఎర్ర గోళ్ల రంగుతో ఒక గీత.

"ఇప్పుడన్న పోయి సముద్రం సూడుండ్రి సార్" అంది ఆమె.

పోయాను. కోస్తాలో ఉన్న ఆ బ్యాచ్‌మేటే తీసుకుపోయాడు. పొద్దున్నే, నీళ్లు ఇంకా చల్లగా ఉన్నాయి. అల మీద అల వచ్చి నా పంచె తడిపింది. అరవై ఏళ్ల వాణ్ణి, నోరు తెరుచుకుని నిలబడ్డాను. అందులో కొంచెం నోట్లోకి పోయింది కూడా. ఉప్పగా ఉంది, చేదు లేదు. తర్వాత చెంబులో నీళ్లు ముంచి, కాసేపు తేర్చి, పుల్ల వేశాను. అది ఊగి ఊగి నిలబడింది.

అక్కడి నుంచే ఆమెకు ఫోను చేశాను. "చెల్లె, సముద్రం కాడ ఉన్న. పుల్ల ఏసి చూసిన. సరిగ్గ నీ ఎర్ర గీత కాడ్నే ఆగింది."

అలల చప్పుడు ఆమెకు వినిపించాలని ఫోను కాస్త అటు తిప్పి పట్టుకున్నాను. విన్నట్టుంది. తర్వాత నవ్వుతూ అంది.

"నాకు తెలుసు గద సార్."